కనకరత్నం పేరున తీసిన కార్డు

ఆగండి, పేజీ తిప్పెయ్యకండి, ఒక పది నిమిషాలు కూర్చుని వినండి. ఇన్నాళ్ళూ అందరూ నన్ను ప్రశ్నలే అడిగారు. పెళ్ళవుతుందా, ఉద్యోగం వస్తుందా, పోయిన ఉంగరం దొరుకుతుందా అని. నువ్వెవరు, ఎక్కడ పుట్టావు, ఎలా ఉన్నావు అని ఒక్కరూ అడగలేదు. అందుకే ఎవరూ అడగకుండానే చెప్పేస్తున్నాను.

నేను ఒక చిలక జోస్యం కార్డుల కట్టని. నక్షత్రానికి ఒకటి చొప్పున ఇరవై ఏడు కార్డులు. ఒక్కో కార్డూ మధ్యకి మడిచిన అట్టముక్క. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, విప్పితే లోపల బొమ్మ ఉంటుంది. ఇరవై ఏడు ముక్కలున్నా నేను ఒక్కదాన్నే. మీకు ఇరవై వేళ్ళున్నా మీరు ఒక్కరే కదా, ఇదీ అంతే.

పుట్టింది విశాఖపట్నంలో, పూర్ణా మార్కెట్ వెనక ఒక పెంకుటింట్లో. పోలయ్య దేవుడి బొమ్మల షీట్లు కొనుక్కొచ్చి కత్తిరించాడు, వాళ్ళావిడ సన్యాసమ్మ మైదాపిండి ఉడకబెట్టి జిగురు చేసి అట్టల మీద అంటించింది. నన్ను రెండు రోజులు పీట కింద పెట్టి, ఆ పీట మీద రోలు పెట్టారు, వంకర పోకుండా ఉండాలని. మూడో రోజు పోలయ్య నన్ను ఎర్రగుడ్డలో చుట్టుకుని, పంజరంలో చిట్టి అనే చిలకతో సహా బీచ్ రోడ్డు మీదకి తీసుకెళ్ళాడు. అదే నా మొదటి ఉద్యోగం.

మొదట్లో నాలో మూడు చెడ్డ కార్డులు ఉండేవి. శని, పడగ విప్పిన పాము, శ్మశానం. మొదటి ఏడాదే ఒకావిడకి శని వచ్చాడు. ఆవిడ పేవ్‌మెంట్ మీదే కూలబడి ఏడ్చింది. వెనక వరసలో నిలబడ్డ నలుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం పోలయ్య ఇంటికెళ్ళి ఆ మూడు కార్డులూ పొయ్యిలో పెట్టి, వాటి బదులు ఇంకో వినాయకుడు, ఇంకో వెంకన్న, ఇంకో లక్ష్మీదేవి పెట్టాడు. ఈ సంగతి సన్యాసమ్మకి తెలుసు, నాకు తెలుసు. చిట్టికి కూడా తెలుసేమో గానీ, దానికి గింజలు తప్ప వేరే ఆసక్తి లేదు.

ఆ తర్వాత పాతికేళ్ళు నాలోంచి చెడ్డ మాట రాలేదు. పని చాలా తేలిక. మనిషి వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. పోలయ్య పేరు అడుగుతాడు. ఆ పేరు గట్టిగా చెప్పి పంజరం తలుపు ఎత్తుతాడు. చిట్టి బయటికొచ్చి, నాలోంచి ముక్కుతో ఒక్కో కార్డూ లాగి పక్కన పడేస్తూ పోతుంది. ఎప్పుడైతే పోలయ్య ఎడం చేతిలో గింజ చూపిస్తాడో అప్పుడు ఆగుతుంది. ఆగినప్పుడు దాని ముక్కులో ఏ కార్డుంటే అదే మీ భవిష్యత్తు. నేను గమనించింది ఒకటుంది. మంచి జరుగుతుందని చెప్తే మనుషులు నమ్మరు, వచ్చే నెల మళ్ళీ వచ్చి అదే ప్రశ్న అడుగుతారు. చెడు జరుగుతుందని చెప్తే ఒక్కసారికే నమ్మేస్తారు.

ఒక రోజు ఖాకీ బట్టల్లో ఇద్దరు వచ్చి, చిలకని పంజరంలో పెట్టడం నేరమని పోలయ్యకి మర్యాదగానే చెప్పి, చిట్టిని తీసుకెళ్ళారు. అడవిలో వదిలేస్తారట. పోలయ్య వాదించలేదు. అదే చోట, అదే గొడుగు కింద, మొక్కజొన్న కంకులు కాల్చడం మొదలుపెట్టాడు. నేను ఎర్రగుడ్డలోనే, బొగ్గుల బస్తా పక్కన ఉండిపోయాను. నా అంచులు అప్పటికే పాత లుంగీలా మెత్తబడిపోయాయి.

అక్కడే నేను హిమజకి దొరికాను.

హిమజకి ఇరవై మూడు, ఇరవై నాలుగు ఉంటాయి. కథలు రాస్తుంది. పుస్తకాల్లో కాదు, ఫోనులో కథలు వినిపించే ఒక యాప్ కోసం. రోజుకో ఎపిసోడ్, ఎనిమిది నిమిషాలు. పొద్దున రాసి మధ్యాహ్నం పంపిస్తే, ఎవరో మంచి గొంతున్నావిడ చదువుతుంది, సాయంత్రం ఆరింటికి జనం వింటారు. కంకి తింటూ ఈ గొడవంతా పోలయ్యకి చెప్పింది. ఎక్కడో ఎవరో రకరకాల బొమ్మల కార్డులు తీసి, వచ్చిన కార్డుని బట్టి కథ అల్లుకుంటారని చదివిందట, తనూ అలా చెయ్యాలనుకుంటోందట. కానీ తెప్పించుకున్న కార్డుల్లో తోడేళ్ళు, మంచుకొండలు ఉన్నాయి, విశాఖ దొండపర్తిలో జరిగే కథకి తోడేలు ఎక్కణ్ణించి తేవాలి అని బాధపడింది. పోలయ్య కంకి మీద నిమ్మచెక్క రుద్దుతూ విన్నాడు.

"మా కాడ పాత కట్టొకటుందమ్మా. సిలకే లేదు."

"చిలక అక్కర్లేదు తాతా, కార్డులు చాలు. నాకు జోస్యం వద్దు, కథ కావాలి."

"కథకి కార్డులెందుకు తల్లీ, నోరు సాలదేటి?"

"రోజుకొకటి ఇవ్వాలి తాతా. నా బుర్రలో అన్ని లేవు."

"నా బుర్రలోనూ నేవు. పాతికేళ్ళు సిలక బుర్ర మీదే బతికీసినాను." పోలయ్య నన్ను బస్తా పక్కనుంచి తీసి, మసి దులిపి, ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. "ఒక్క మాట మాత్రం గుర్తెట్టుకో. పేరు నేకండా కార్డు తియ్యకు. ఎవల పేరున తీస్తే ఆ కార్డు ఆలది."

మూడు చెడ్డ కార్డులు కాల్చేసిన సంగతి మాత్రం చెప్పలేదు. ఆ అమ్మాయి అడగలేదు, ఈయనకి గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే హిమజ నన్ను బల్ల మీద పరిచింది. చిట్టి ముక్కు తర్వాత మనిషి వేళ్ళు నాకు కొత్త. ఇంకో కొత్త ఏంటంటే, ఈ అమ్మాయి ఒకటి కాదు, మూడు కార్డులు తీస్తుంది. మొదటిది హీరోయిన్‌కి ఏం కావాలి, రెండోది ఏం అడ్డొచ్చింది, మూడోది చివరికి ఏమైంది. బాగానే ఉంది. కానీ పేరు కావాలి. ఆద్య అంది, కార్డు తీసి నచ్చక లోపల పెట్టేసింది. సాన్విక అంది, అదీ నచ్చలేదు. ఆ పేర్లకి మనిషి లేదని తనకే తెలుస్తోంది. అప్పుడు కిటికీలోంచి కిందకి చూసింది. కింద వాటాలో 'కనకరత్నం లేడీస్ టైలర్స్' అన్న బోర్డు ఉంది.

"కనకరత్నం," అని గట్టిగా చదివి మొదటి కార్డు తీసింది. అంతే, కథ పరిగెత్తింది.

ఈ కనకరత్నం గురించి చెప్పాలి. యాభై రెండేళ్ళు. మూడు మిషన్లు, ఇద్దరు కుట్టేవాళ్ళు, మెడలో ఎప్పుడూ టేపు. పెళ్ళి చేసుకోలేదు, తీరిక దొరకలేదని చెప్తుంది. చిన్నప్పుడు ఎడమ కంట్లో పువ్వు, అంటే తెల్లమచ్చ, పడి ఆ చూపు పోయింది. మిగిలిన కన్ను ఒక్కటే. ఆ ఒక్క కంటితో ముప్ఫై ఏళ్ళుగా వీధి మొత్తానికీ జాకెట్లు కత్తిరించింది. చెయ్యి పెట్టి చూసి ఇది నూలు, ఇది కలిపిన నూలు, ఇది మొదటి ఉతుక్కే కుదించుకుపోతుంది అని చెప్పేస్తుంది. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించమని మిగతావాళ్ళని అడుగుతోంది. హిమజ ఇవన్నీ ఎత్తుకుపోయి కథలో పెట్టేసింది. పేరు, టేపు, కోపం, కన్ను, దారం, అన్నీ. అడగలేదు. అడగాలని కూడా తోచలేదు, అంత హుషారుగా ఉంది.

కింద షాపులో రోజూ ఆరింటికి ఫోను స్పీకర్‌లో పెట్టుకుని కథలు వింటూ హుక్కులు కుడతారు. మొదటి ఎపిసోడ్ వచ్చిన రోజే నూకాలు మిషన్ ఆపేసింది. నూకాలు అంటే కనకరత్నం దగ్గర పదిహేనేళ్ళుగా కుడుతున్నావిడ.

"ఒలక్కా, ఈ కథలో టైలరమ్మ పేరూ కనకరత్నమే."

"లోకంలో కనకరత్నాలు నానొక్కదాన్నేనేటి? హుక్కులు కుట్టు."

మూడో ఎపిసోడ్‌లో, పెళ్ళి రోజు పొద్దున్నే జాకెట్టు వదులు చెయ్యమని వచ్చిన పెళ్ళికూతురి తల్లిని హీరోయిన్ స్కేలుతో గుమ్మం దాకా తరిమింది. ఇది పోయిన మాఘమాసంలో కింద నిజంగా జరిగింది. నూకాలు నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది.

"ఇది నువ్వేనక్కా. ఒట్టు. స్కేలు కూడా అదే."

మర్నాడు హిమజ కుర్తా కుదించుకోవడానికి దిగి వస్తే కనకరత్నం టేపుతో కొలుస్తూనే నిలదీసింది. హిమజ దాచలేదు. దాయడం ఆ అమ్మాయికి చేతకాదు, సంతోషం వస్తే నోరు ఆగదు. కార్డులు, పోలయ్య తాత, మూడు కార్డుల లెక్క, మీ పేరు మీదే రోజూ తీస్తున్నాను పిన్నీ అని మొత్తం చెప్పేసింది. నన్ను కూడా తెచ్చి చూపించింది. కనకరత్నం నన్ను తీసుకుని బట్ట చూసినట్టే వేళ్ళతో చూసింది.

"బాగా వాడకం అయిన సరుకే," అంది. కోప్పడుతుందనుకున్న హిమజ ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు మొదలైంది అసలు తమాషా. కథలో కనకరత్నం షాపు పెద్దదైంది. ఆ వారమే కింద షాపుకి ఒక స్కూలు యూనిఫారాల ఆర్డరు వచ్చింది. కథలో కనకరత్నంతో మాటలు మానేసిన చెల్లెలు ఇంటికొచ్చింది. నాలుగో రోజు నిజం చెల్లెలు అనకాపల్లి నుంచి ఫోన్ చేసింది. నాకు తెలుసు, నాలో ఉన్నవన్నీ లక్ష్ములూ వినాయకులే, ఏది తీసినా మంచే వస్తుంది, మంచిని రోజూ వింటుంటే ఏదో ఒకటి కలుస్తుంది. పాతికేళ్ళు పోలయ్య బతికింది దాని మీదే. కానీ కనకరత్నం మాత్రం సాయంత్రం ఆరు కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. ఏదైనా తేల్చుకోవాల్సి వస్తే, "సూద్దాం, పైన పిల్లకి ఏ కార్డొస్తాదో," అనేది.

ఇటు పైన హిమజకి కష్టం వచ్చిపడింది. కథలో కష్టం లేదు. రెండో కార్డు అడ్డు కదా, అడ్డు చోట లక్ష్మీదేవి వస్తే ఏం చేస్తుంది. డబ్బు అడ్డొచ్చింది అని రెండుసార్లు రాసింది, మూడోసారి తనకే నవ్వొచ్చింది. పదిహేడో ఎపిసోడ్ తర్వాత యాప్ నుంచి ఎడిటర్ తేజస్విని ఫోన్ చేసింది.

"హిమజా, మీ హీరోయిన్‌కి పదిహేడు రోజులుగా ఒక్క కష్టం కూడా రాలేదండి. వినేవాళ్ళు బస్సులో నిద్రపోయి స్టాప్ దాటిపోతున్నారట. కామెంట్లలో రాశారు."

"కార్డుల్లో రావట్లేదండి."

"అయితే కార్డులు మార్చండి, లేదా కథ ఇరవై ఐదుతో ముగించండి."

హిమజ బల్ల దగ్గర కూర్చుని నన్ను మొత్తం విప్పి చూసింది. మొదటిసారి లెక్కపెట్టింది. నలుగురు లక్ష్ములు, ముగ్గురు వినాయకులు, ముగ్గురు వెంకన్నలు, కనకమహాలక్ష్మి ఒకావిడ, ఇంకా ఇలాగే. అప్పుడు బీరువా పైనుంచి ఒక పాత శుభలేఖ తీసి, దాని అట్ట కత్తిరించి, స్కెచ్ పెన్నులతో మూడు బొమ్మలు గీసింది. ఆరిపోయిన దీపం. తలకిందులైన పడవ. తాళం పడిన తలుపు. నాలాగే మధ్యకి మడిచి నాలో కలిపేసింది. ఇరవై ఏడు కాస్తా ముప్ఫై అయ్యాను. నిజం చెప్తే నాకు హాయిగానే అనిపించింది. పాతికేళ్ళు తీపి తప్ప ఏమీ తినని నోట్లో ఉప్పుకల్లు పడినట్టు.

కథ మళ్ళీ లేచింది. తలుపు వచ్చింది, షాపుకి తాళం పడింది. పడవ వచ్చింది, యూనిఫారాల బట్ట వర్షంలో తడిసిపోయింది. తేజస్విని నవ్వు బొమ్మలు పంపింది. కింద నూకాలు "పాపం" అంటూ వింటోంది. కనకరత్నం మాత్రం ఆ వారం యూనిఫారాల బట్టనంతా అటక మీదకి ఎక్కించి పైన ప్లాస్టిక్ కప్పింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇరవై నాలుగో ఎపిసోడ్‌కి హిమజ కనకరత్నం పేరు చెప్పి కార్డులు తీసింది. మొదటిది సూర్యుడు, అంటే వెలుగు, చూపు. రెండోది వినాయకుడు, డాక్టరని రాసుకుంది. మూడోది ఆరిపోయిన దీపం. చకచకా టైపు చేసేసింది. హీరోయిన్ కంటి ఆపరేషన్‌కి వెళ్తుంది, మిగిలిన ఒక్క కన్నూ పోతుంది, ఆసుపత్రి మెట్ల మీద గోడ తడుముకుంటూ దిగుతుంది. చాలా బాగా రాసింది. తన వేళ్ళు కీబోర్డు మీద ఎంత వేగంగా పడ్డాయో నేను పక్కనే ఉండి విన్నాను.

హిమజకి తెలియనిది ఒకటే. కనకరత్నం కంట్లో శుక్లం బాగా ముదిరిపోయింది. రంగులు తెలుస్తాయి, మనిషి ఆకారం తెలుస్తుంది, అంతకు మించి లేదు. ఇంకా ఆలస్యం చేస్తే తర్వాత చేసి లాభం ఉండదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆపరేషన్‌కి తారీఖు కూడా ఇచ్చారు. సోమవారం. ఈ సంగతి నూకాలుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎపిసోడ్ వచ్చింది శుక్రవారం.

ఆ సాయంత్రం కింద మిషన్లు ఆగిపోవడం పై వాటాకి కూడా వినపడింది. మర్నాడు పొద్దున్నే నూకాలు మెట్లెక్కి వచ్చి హిమజ గుమ్మంలో నిలబడింది.

"ఏటి రాసినావే తల్లీ నువ్వు? సోమారం ఆపరేసను మానీసిందావిడ. ఆసుపత్రికి ఫోన్ చేసి రామని సెప్పమంటంది నన్ను."

"ఏ ఆపరేషన్?" అంది హిమజ.

నూకాలు చెప్పింది.

"నువ్వు రాసినదానికి ఆవిడ కన్ను మూసీసుకుంటాదంట. దిగి రా. నువ్వే తెరిపించు."

హిమజ నన్ను పట్టుకుని చెప్పులు కూడా లేకుండా దిగింది. కనకరత్నం బల్ల మీద గుడ్డ పరిచి, చూడకుండా, చేత్తో కొలిచి సుద్దతో గీతలు గీస్తోంది.

"పిన్నీ, ఆ దీపం కార్డు నేను కత్తిరించింది. పాత శుభలేఖ మీద నేనే గీశాను. తాత ఇచ్చిన ఇరవై ఏడులో అది లేదు, నేను మూడు కలిపితే ముప్ఫై అయ్యాయి."

"గీసినావు సరే. వొచ్చింది ఎవల పేరున?"

"మీ పేరున. అంటే కథలో కనకరత్నం పేరున."

"కథలో ఆ పేరుకి ఇంకో మనిసుందేటి?"

హిమజ నన్ను బల్ల మీద పెట్టింది.

"ముప్ఫై కార్డులున్నాయంటన్నావు. అందులో అదే ఎందుకొచ్చింది?"

"ఏదో ఒకటి రావాలిగా పిన్నీ."

"అదే నానూ అంటన్నాను. ఏదో ఒకటి రావాల. అదే వొచ్చింది."

హిమజ ఏడుపు మొహంతో పోలయ్యకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. అవతల సముద్రం హోరు, బొగ్గులు విసిరే చప్పుడు. పోలయ్య ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. నాలో చెడ్డ కార్డులు లేనే లేవని, శని వచ్చిన రోజే తీసి కాల్చేశానని, ఇల్లు గడవాలి గదమ్మా అని. ఈ మాట వింటే కనకరత్నం తేలికపడుతుందని హిమజ ఆశ.

కనకరత్నం సుద్దముక్క కింద పెట్టింది. "అయితే ఆ ముసిలోడి కార్డులే దొంగవన్నమాట. ఈ పిల్ల మూడూ కలిపినాకే ఇది నిజం కట్టయినాది."

పాతికేళ్ళ సర్వీసులో నా గురించి ఇంత సూటిగా ఎవరూ మాట్లాడలేదు. నూకాలు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఒలక్కా, కన్ను నీది, కార్డు కాగితం. కాగితానికి డాక్టరు కన్నా ఎక్కువ తెల్సా?"

"డాక్టరు నూటికి ఒకలిద్దరికి తేడా రావచ్చన్నాడు. నాకు రెండు కళ్ళుంటే ఆ ఒకరిని నాను కాననుకుని ఎల్తాను. ఉన్నదొక్కటి. దాన్ని పందెం ఎట్టీసి ఆడమంటే ఎలాగే?" మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంది. "ఇప్పుడు రంగులైనా తెలస్తన్నాయి. అదీ పోతే?"

హిమజ, రేపటి ఎపిసోడ్‌లో చూపు తెప్పించేస్తాను పిన్నీ అంది.

"నువ్వు రాస్తే నమ్మను. కార్డొస్తే నమ్ముతాను. రేపు పొద్దున నా పేరున నానే తీస్తాను. ముప్ఫయ్యీ ఉండాల. ఆ మూడూ తీసీసి తెస్తే అది కథవుద్ది, జోస్యం కాదు. మంచొస్తే సోమారం ఎల్తాను. నేకపోతే ఇంక నన్నడక్కండి." నూకాలు వైపు తిరిగి, "నువ్వప్పుడే ఫోన్ చెయ్యకు," అంది.

ఆ రోజంతా హిమజ నన్ను ముందు పెట్టుకుని కూర్చుంది. ఆ మూడు కార్డులూ ఒకసారి తీసింది, మళ్ళీ పెట్టింది. తీసి, వాటి బదులు వేరే మూడు మడిచి పెడదామని కత్తెర కూడా అందుకుంది. చివరికి పెట్టలేదు. మోసం చెయ్యకూడదని కొంత, ఆవిడ చేతి వేళ్ళకి దొరికిపోతానేమోనని కొంత. ఎంత కొంతో నాకు తెలియదు.

ఆదివారం తొమ్మిదింటికి షాపు మూసే ఉంది. కటింగ్ బల్ల మీద కనకరత్నం నన్ను ఒక్కో కార్డూ చేత్తో లెక్కపెట్టింది. ముప్ఫై. కలిపింది. పేకాటలో కలిపినట్టు కాదు, పప్పులో రాళ్ళు ఏరేటప్పుడు చేటలో తిప్పినట్టు బల్ల మీద పరిచి తిప్పింది. నూకాలు నూకాలమ్మ అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది. కనకరత్నం తన పేరు తనే చెప్పుకుని ఒక కార్డు తీసి, విప్పి, మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. దూరంగా పెట్టి చూసింది. తర్వాత హిమజ వైపు చాపింది.

"నాకు కానరాదు. ఏటొచ్చిందో సెప్పు."

తలకిందులైన పడవ వచ్చింది.

నూకాలు అవతల వైపు ఉంది, ఆవిడకి అట్ట వీపే కనిపిస్తోంది. చూసింది హిమజ ఒక్కర్తే. కథల్లో రోజుకో అబద్ధం ఎనిమిది నిమిషాల పొడుగున చెప్పే పిల్లకి ఒక్క మాట నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది.

"కనకమహాలక్ష్మి, పిన్నీ."

"బురుజుపేట అమ్మోరేనా?"

"ఆవిడే."

కనకరత్నం కార్డు మూసింది. బొటనవేలు దాని అంచు మీద ఒకసారి నడిపింది, వెనక్కి ఇంకోసారి నడిపింది. పోలయ్య అట్టలు పాతికేళ్ళకి దూదిలా అయిపోయాయి. శుభలేఖ అట్ట అంచు ఇంకా కత్తిరించిన కత్తెర గుర్తుపట్టేలా ఉంది. నూలుకీ కలిపిన నూలుకీ తేడా చెప్పే వేలు అది. ఆ వేలు ఏం తెలుసుకుందో నాకు రూఢిగా తెలియదు. ఆవిడ మొహంలో మాత్రం ఏమీ కనపడలేదు.

"నూకాలూ, సోమారం ఎల్తన్నాం. సంచి సర్దు."

హిమజ గబగబా చెయ్యి చాపింది. "కార్డు ఇలా ఇచ్చెయ్యండి పిన్నీ, కట్టలో పెట్టేస్తాను."

"ఇవ్వను. ఇది నా పేరున తీసినాది, నాది." కనకరత్నం ఆ కార్డుని ఒక గులాబీ రంగు జాకెట్టు ముక్కలో చుట్టి సంచిలో అడుక్కి పెట్టుకుంది. "కంటి కట్టిప్పినాక మొదట అమ్మోరినే సూస్తాను. అందాకా ఇరవైతొమ్మిదితో రాసుకో."

హిమజ ఆ రోజూ రాయలేదు, ఆ మర్నాడూ రాయలేదు. తేజస్విని ఫోన్లు ఎత్తలేదు.

సోమవారం ఆపరేషన్ అయింది. బాగానే జరిగిందని డాక్టరు అన్నాడు, కట్టు విప్పితే గానీ పూర్తిగా చెప్పలేమని కూడా అన్నాడు. నూకాలు పెళ్ళివాళ్ళ జాకెట్లు అప్పగించాల్సి ఉండి షాపుకి వెళ్ళిపోయింది. తోడుగా హిమజ ఉంది. ఇప్పుడు మంగళవారం పొద్దున. వరండాలో పొడుగాటి బల్ల మీద కంటికి కట్లు కట్టుకున్న వాళ్ళు ఎనిమిది మంది వరసగా కూర్చున్నారు. డాక్టరు అటు చివర నుంచి ఒక్కొక్కరికీ విప్పుకుంటూ వస్తున్నాడు. కనకరత్నం ఆరో మనిషి. ఆవిడకి ఇప్పుడు రెండు కళ్ళూ చీకటే. ఆవిడ సంచి హిమజ ఒళ్ళో ఉంది.

నేను రెండు చోట్ల ఉన్నాను. ఇరవై తొమ్మిది కార్డులుగా హిమజ హ్యాండ్‌బ్యాగులో, ఒక్క పడవగా ఆవిడ సంచిలో గులాబీ గుడ్డలో. కాదు, ఇప్పుడు మూడు చోట్ల. హిమజ హ్యాండ్‌బ్యాగులోంచి కనకమహాలక్ష్మి కార్డు తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

చెయ్యాల్సింది చాలా చిన్న పని. ఆ గుడ్డ విప్పి పడవ తీసి, ఈ అమ్మవారిని పెట్టి, మళ్ళీ మడవడం. పది సెకన్లు. మార్చకపోతే, చూపు వచ్చిన మరుక్షణం ఆవిడ మొదట చూసేది హిమజ గీసిన పడవని, అంటే హిమజ చెప్పిన అబద్ధాన్ని. చూపు రాకపోతే ఆ అబద్ధం ఎప్పటికీ బయటపడదు, ఆవిడ అమ్మవారు పంపితేనే వెళ్ళాననుకుంటూ ఉంటుంది. మారిస్తే ఏ గొడవా లేదు, ఆవిడ అమ్మవారిని చూసి దణ్ణం పెట్టుకుంటుంది. కానీ ఆ వేలు నిన్నగాక మొన్న గట్టి అంచుని రెండుసార్లు తడిమింది. అన్నీ తెలిసే ఈ పిల్ల మాట మీద ఇక్కడిదాకా వచ్చి ఉంటే, మెత్తని అంచు చేతికి తగిలిన క్షణంలో ఆవిడకి ఇది రెండో అబద్ధం అవుతుంది. అది కూడా కంటికి కట్టు ఉండగా, పక్కన కూర్చుని చేసింది.

"ఒలె పిల్లా," అంది కనకరత్నం, మొహం ఎదురుగా గోడ వైపే ఉంచి. "నా సంచి నీ కాడే ఉందా?"

"ఉంది పిన్నీ."

"కార్డు తీసి సేతిలో ఎట్టుకో. నా కట్టిప్పగానే ఇద్దువుగాని."

నాలుగో ఆయనకి విప్పారు. ఆయన గోడ మీద క్యాలెండర్‌లో తారీఖు చదివి నవ్వుతున్నాడు. డాక్టరు ఐదో మనిషి ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. హిమజ గులాబీ గుడ్డ విప్పింది. ఇప్పుడు ఎడం చేతిలో పడవ, కుడి చేతిలో అమ్మవారు. ఏది ఇవ్వాలో నన్నే అడుగుతున్నట్టు నా వైపు చూస్తోంది. నేను పాతికేళ్ళు అందరికీ జవాబులు చెప్పాను గానీ, నాకు చిలక లేకుండా ఏదీ తేల్చడం రాదు. ఆ రెండు కార్డులూ మీ చేతుల్లో ఉంటే, మీరు ఆవిడకి ఏది ఇస్తారు?